వెనక గదిలో ఫైకస్

నమోదు 1. సోమవారం

ఇంట్లో మొక్క పెట్టుకున్నవాళ్లు దాని బాగోగులు రాసిపెట్టి నెలాఖరుకు తోట విభాగానికి పంపాలన్నది నేల కింద ఉన్న మా దిగువపేట నియమం. మొక్క మా వదిన చంద్రకళది. ఇప్పటిదాకా రాసింది కూడా ఆమే. ఈ రోజు నుంచి నేను రాస్తున్నాను. నా పేరు సమత. నాలుగో లెవెల్లో పంపులు నడుపుతాను.

మా అన్న ఓదెలు పొద్దున్నే లిఫ్టులో పైకి వెళ్లాడు. పైన సూర్యపలకల మీద దుమ్ము తుడవడం అతని పని. పగలు ఎండకు పైన మనిషి నిలబడలేడు, అందుకని పొద్దు గూకాక తుడుస్తారు. వంతు పూర్తయ్యేదాకా కిందికి దిగనివ్వరు. ఈసారి వెళ్లేటప్పుడు వదినకు నాలుగో నెల. తడిమట్టి వాసనకు ఆమెకు కడుపులో తిప్పుతోంది. చెట్టు పని నీదే ఇక అని అన్న చెప్పి వెళ్లాడు. నన్ను అడగలేదు, చెప్పాడు.

చెట్టు పేరు ఫైకస్, మర్రి జాతిది. నా నడుము దాటి ఎదిగింది. ఆకులు అరచేతికన్నా పెద్దవి, మందంగా, నూనె రాసినట్టు మెరుస్తాయి. వదిన వాళ్లమ్మ రెండో లెవెల్లో ఉంటుంది. ఆవిడ ఇంట్లో పెద్ద చెట్టు ఉంది. దాని కొమ్మకు అంటు కట్టి, వేళ్లు దిగాక కోసి, పెళ్లినాడు కూతురితో పంపించింది.

ఎలా చూసుకోవాలో వదిన మంచం మీద పడుకునే చెప్పింది. వేలు మట్టిలోకి గుచ్చి చూడాలి, లోపల కూడా పొడిగా తగిలితేనే నీళ్లు. కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలవకూడదు, నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. వారానికోసారి కుండీని కొంచెం తిప్పాలి, లేకపోతే చెట్టంతా దీపం వైపే ఒరుగుతుంది. ఆకు కింద చేయి ఆనించి తడిగుడ్డతో బొగ్గుదుమ్ము తుడవాలి. గాలి విసురుగా తగలకూడదు. చోటు అస్సలు మార్చకూడదు.

"కదిలిస్తే అలుగుతది" అంది.

ఇంటికి ఒకటే పగటి దీపం ఇస్తారు. మాది వెనక గదిలో ఉంది. దాని కింద ఫైకస్, పక్కన వదిన మంచం. వదిన రాకముందు ఆ మూల నాది. పెళ్లయిన రెండేళ్లకు నేను అన్న ఇంటికి తిరిగొచ్చాను. ఎందుకు వచ్చానన్నదానికీ ఈ మొక్కకూ సంబంధం లేదు. వచ్చినప్పుడు ఆ దీపం కింద కుట్టుమిషన్ పెట్టుకుని డ్యూటీ లేనప్పుడు బట్టలు కుట్టేదాన్ని. ఇప్పుడు మిషన్ ముందు గదిలో నా పరుపు పక్కన ఉంది. అక్కడ సూదిలోకి దారం ఎక్కించడం కష్టం.

చెట్టు ఆరోగ్యంగా ఉంది.

నమోదు 2. శనివారం

మూడు ఆకులు రాలాయి.

ఆకు రాలడం వింత కాదు. పాతబడిన కింది ఆకు పసుపు పచ్చగా మారి రాలుతుంది. నీళ్లు ఎక్కువైతే కూడా పసుపెక్కుతుంది. ఇవి మాత్రం పచ్చగా, బిగువుగా, నిన్న తుడిచిన మెరుపుతోనే నేల మీద పడి ఉన్నాయి. తొడిమ దగ్గర కోసినట్టు ఊడి వచ్చాయి.

వదిన అడిగింది, నీళ్లు ఎక్కువ పోశావా అని. లేదన్నాను. తక్కువ పోశావా అని అడిగింది. అదీ లేదన్నాను. చోటు మార్చావా అంటే, కుండీని నువ్వు చెప్పినట్టే తిప్పానన్నాను.

పైన దుమ్ముగాలులు మొదలయ్యాయట. ఎంత తుడిచినా పలకలు మూసుకుపోతున్నాయని అన్న ఫోన్‌లో చెప్పాడు. కరెంటు తగ్గింది. జనం పడుకునే వేళ పెద్ద ఫ్యాన్ల వేగం తగ్గిస్తున్నామని ఇళ్ల వరసల్లో చాటింపు వేశారు. నా పంపులకు మాత్రం కోత లేదు. నీళ్లు తోడకపోతే ఊరే ఉండదు.

నమోదు 3. బుధవారం

ఇంకా రాలుతున్నాయి. ఈసారి పైకొమ్మల నుంచి కూడా.

రాలిన ఆకులు సంచిలో వేసుకుని తోట విభాగానికి వెళ్లాను. అక్కడ బషీర్ భాయ్ అని ఉన్నాడు, ఇంటి మొక్కలన్నీ ఆయనే చూస్తాడు. ఆకులు తిరగేసి, దీపానికి ఎదురుగా పట్టి చూశాడు. పొలుసు పురుగు ఉందేమోనని గోటితో ఈనెల వెంట గీకాడు. లేదు. తెగులు మచ్చ కూడా లేదు. ఫైకస్‌ది పట్టుదల జాతి అన్నాడు. మనిషి చేయి మారినా దానికి తెలుస్తుందని కొందరంటారు, తనైతే నమ్మడు. గాలి ఎక్కడినుంచైనా విసురుగా తగులుతోందేమో చూడమన్నాడు. సబ్బునీళ్లతో ఓసారి తుడవమన్నాడు. నాకు తోచింది ఇంతే తల్లీ అని కూడా అన్నాడు.

ఇంటికొచ్చి అగరొత్తి వెలిగించి చెట్టు చుట్టూ తిప్పాను. పొగ ఎటూ వంగలేదు, నిటారుగా పైకి పోయింది. విసురుగాలి లేదు. సబ్బునీళ్లతో తుడిచాను. తుడుస్తుండగానే ఒక ఆకు నా చేతిలోకి ఊడి వచ్చింది. వదిన చూస్తోంది.

వదినకు తలనొప్పి. పొద్దున లేవగానే మొదలవుతుంది, వాంతి అవుతుంది, మధ్యాహ్నానికి కాస్త నెమ్మదిస్తుంది. నర్సమ్మ వచ్చి బీపీ చూసింది, బాగానే ఉందట. ఈ నెలల్లో కొందరికి ఇలాగే ఉంటుందని చెప్పి వెళ్లింది.

నమోదు 4. ఆదివారం

ఈ రోజు రాయాలా వద్దా అని ఆలోచించాను. చెట్టుకు సంబంధించిందే కాబట్టి రాస్తున్నాను.

డ్యూటీ దిగి వచ్చేసరికి వదిన వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడుతోంది. నేను వచ్చినట్టు తెలియలేదు. చెట్టు సగం బోసిపోయిందని చెప్పి ఏడుస్తోంది. అవతల ఆవిడ ఏమడిగిందో గానీ, వదిన గొంతు తగ్గించి ఇలా అంది.

"ఏమో అమ్మా. ఆ మూల ఆమెదేనట ముందు. దీపం మీద మనసున్నట్టున్నది. అడిగితే ఇయ్యనా నేను? చెట్టును ఎందుకు చంపుడు?"

నేను మళ్లీ గుమ్మం దాటి బయటికి వెళ్లి, చెప్పులు గట్టిగా చప్పుడు చేస్తూ లోపలికి వచ్చాను. ఆమె ఫోన్ పెట్టేసింది. భోజనం వడ్డించాను. ఇద్దరం తిన్నాం. జొన్నరొట్టె కొంచెం మాడిందని కూడా ఎవరూ అనలేదు.

దీపం మీద మనసు లేదని నేను అనను. ఆ మూల నాకు కావాలి. కానీ ఒక చెట్టును చంపి తీసుకునేంత కాదు. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియలేదు. అడగకుండా చెప్పుకుంటే ఆమె అన్నదే నిజం కాబోలు అనుకుంటారు.

నమోదు 5. గురువారం

కొన్నాళ్లు విశ్రాంతిగా ఉంటానని వదిన వాళ్లమ్మగారింటికి వెళ్లింది. నేనే బ్యాటరీ బండి దాకా దింపి వచ్చాను. చెట్టు గురించి ఏమీ చెప్పలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. నీళ్లు పొయ్యమని అయినా అనలేదు.

ఆమె చెప్పిన సూత్రాల్లో పెద్దది, చోటు మార్చకూడదన్నది. దాన్నే నేను ఈ రోజు తప్పాను. ఇక్కడ ఉంటే ఎలాగూ చస్తుంది, అక్కడ చచ్చినా తేడా లేదనుకున్నాను. కుండీని తోపుడు బండి మీద పెట్టి, చుట్టూ దుప్పటి కప్పి, నాలుగో లెవెల్లోని పంపుల గదికి తీసుకెళ్లాను. అక్కడ గోడలు ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి, దీపాలు ఆర్పరు, పెద్ద గొట్టంలోంచి తాజా గాలి వస్తుంది. ఆ గాలి నేరుగా తగలకుండా చెట్టును మోటారు చాటున పెట్టాను.

దారిలో మా పక్కింటి కనకవ్వ ఎదురై, శవాన్ని మోసుకుపోతున్నట్టు ఎటు పోతున్నావని అడిగింది. ఆమె మాట ఎప్పుడూ అంతే. పంపుల కాడికి అని చెప్పాను. వదినకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. ఆమె నోరు నొక్కుకుంది.

నమోదు 6. మంగళవారం

పంపుల గదికి వచ్చిన మొదటి రెండు రోజులు ఇంకొన్ని ఆకులు రాలాయి. తర్వాత రాలడం ఆగిపోయింది.

నిన్న చివరి కొమ్మ కొనన ఎర్రటి మొన కనిపించింది. ఈ రోజు అది పగిలి లోపల చుట్టుకుని ఉన్న లేతాకు బయటపడింది. డ్యూటీ మొత్తం నేను మీటర్లు చూసినన్నిసార్లు దాన్నీ చూశాను. ఫొటో తీశాను. వదినకు పంపలేదు. ఆమె వచ్చాక ఎదురుగా చూపించాలని. ఏమనాలో కూడా మనసులో తయారు చేసుకున్నాను. "నా చేతిలోనే బతికింది వదినా" అనాలనుకున్నాను. ఆ మాటను నాలుగైదు రకాలుగా అనుకుని చూశాను. కోపంగా, నెమ్మదిగా, నవ్వుతూ.

నమోదు 7. శుక్రవారం

వదిన నిన్న వచ్చింది. నేను అంతకు ముందే చెట్టును ఇంటికి తెచ్చి దీపం కింద పెట్టాను.

ఆమె బుగ్గలు పూడాయి. కడుపు నిండా తింటున్నానని, రోజూ వాళ్లమ్మతో మూడో లెవెల్ దాకా నడిచి వచ్చేదాన్నని చెప్పింది. లేతాకు చూసింది. దాని మీద వేలు పెట్టబోయి ఆగింది. "బతికింది" అని మాత్రం అంది. నేను తయారు చేసుకున్న మాట అనలేదు. ఆమె నవ్విన తీరు చూస్తే అనబుద్ధి కాలేదు.

నమోదు 8. సోమవారం

లేతాకు పూర్తిగా విచ్చుకోకముందే రాలిపోయింది. దాంతోపాటు ఇంకో రెండు.

మొదట నాకు వచ్చింది కోపమే. ఈ ఇంట్లో నేను ఏది చేసినా నిలవదు అనుకున్నాను. చీపురు తీసుకుని ఊడవబోతుంటే వదిన మంచం మీద లేచి కూర్చుంది. రెండు కణతలూ చేతులతో నొక్కుకుంటోంది. ముఖం పాలిపోయింది. చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"వదినా, అమ్మగారింట్ల నీకు తలనొప్పి వచ్చిందా?"

"లేదు."

"ఒక్కనాడు గూడ?"

కొంచెం ఆలోచించింది. "పోయినంక రెండు దినాలు ఉన్నది. తర్వాత లేదు. ఇంటికి వచ్చినంక మల్ల మొదలైంది. ఎందుకు?"

"చెట్టు గూడ గంతే. పంపుల కాడ రెండు దినాలు రాలింది. తర్వాత ఆగింది. ఇంటికి తెచ్చినంక మల్ల మొదలు."

చెట్టును పంపుల గదికి తీసుకెళ్లానని ఆమెకు అప్పుడే తెలిసింది. చెట్టు వైపు చూసింది, తన మంచం వైపు చూసింది, కడుపు మీద చేయి వేసుకుంది.

"ఈ గదిల ఏమో ఉన్నది, సమతా" అంది.

ఆమె పరుపును ముందు గదికి, నా పరుపు పక్కకు తెచ్చేశాం. కుట్టుమిషన్‌ను వెనక గదిలోకి నెట్టాం.

నమోదు 9. బుధవారం

నిన్న ఇద్దరం గాలి ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఇంజనీరు పేరు హిమబిందు. వాళ్లది సముద్రం మింగేసిన కోస్తా ఊరు. వాళ్ల తాతల కాలంలో ఇటు వచ్చారట. మాట ఇంకా అటుదే. చెట్టు సంగతి చెబితే నవ్వుతారేమో అనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. ఎప్పటినుంచి, ఏ ఆకులు, పచ్చగా రాలాయా పండి రాలాయా అని అడిగింది. మా వరస మొగదల ఉన్న మీటరు లెక్కలు తెరిచి చూపించింది. అందులో అంతా మామూలుగానే ఉంది. అయినా తనే చేతి మీటరు తీసుకుని మా వెంట వచ్చింది.

వెనక గదిలో మూలమూలనా పెట్టి చూసింది. ఏమీ లేదు. నాకు భయం వేసింది. ఆవిడ సమయం వృథా చేశామని కాదు. ఏమీ లేదంటే మళ్లీ నా చేతి మీదికే వస్తుంది.

అప్పుడు వదిన మాట్లాడింది. "మేడం, నాకు నొప్పి లేచేటప్పుడు ఉంటది. పగటీలి తగ్గిపోతది. మీరు పగటీలి వచ్చిండ్రు."

హిమబిందు ఆమె వైపు తిరిగింది. "జనం పడుకున్నాక ఫ్యాన్లు నెమ్మది చేస్తున్నాం కదండీ" అంది. మాకు చెప్పినట్టు కాదు, తనకు తానే చెప్పుకున్నట్టు. మీటరును వదిన మంచం తలాపున మేకుకు తగిలించి, పక్కన గాలి పట్టే సంచి ఒకటి అమర్చి, ఈ గదిలోకి పొద్దుటిదాకా ఎవరూ వెళ్లొద్దని చెప్పి వెళ్లింది.

ఈ రోజు పొద్దున వచ్చి మీటరు చూసింది. మాకు చూపించకుండానే ముందు ఆఫీసుకు ఫోన్ చేసింది. తర్వాత వెనక గోడకు ఆనించి ఉన్న ఇనప బీరువాను పక్కకు జరపమంది. వదినను ముందు గదిలోనే ఉంచి ఇద్దరం జరిపాం. ఆవిడ గోడకు అరచేయి ఆనించింది. నన్నూ ఆనించమంది. రొట్టెలు అయిపోయాక పెనం కాసేపటికి ఎలా ఉంటుందో అలా ఉంది గోడ.

సంచిలో గాలిని పరీక్షకు పంపి, మధ్యాహ్నానికి మళ్లీ వచ్చి కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ గోడ వెనక పాత గని ఉందండి. ముత్తాతల కాలంలో తవ్వి, గోడ కట్టి మూసేశారు. మిగిలిపోయిన బొగ్గుకి ఎక్కడో గాలి తగిలి లోలోపల కాగుతోంది. అలా కాగినప్పుడు ఇథిలీన్ అనే గ్యాస్ వస్తుంది. మామిడికాయలు ముగ్గేటప్పుడు వచ్చేదీ అదే. ఆ కాస్తా మనిషికేం చెయ్యదు, ఫైకస్ మాత్రం ఆకులు రాల్చేస్తుంది. మీకు తలనొప్పి తెచ్చింది దాంతోపాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్. ఫ్యాన్లు జోరుగా తిరిగినంతసేపు అది గోడ దాటి రాలేదు. నెమ్మది చెయ్యగానే గోడ సందుల్లోంచి ఈ గదిలోకి వస్తోంది."

కడుపులో బిడ్డ మీద దాని ప్రభావం ఉంటుందా అని వదిన అడిగింది. ఉండొచ్చు, వెంటనే డాక్టరు దగ్గరికి పదండి అంది. అబద్ధం చెప్పలేదు. తానే తీసుకెళ్లింది.

డాక్టరు వదిన రక్తం తీసి చూసింది, కడుపు మీద యంత్రం పెట్టింది. బిడ్డ గుండె చప్పుడు గది మొత్తం వినిపించింది. బాగానే ఉంది, కదలిక కూడా బాగుంది, ఇక ఆ ఇంట్లోకి మాత్రం వెళ్లొద్దు అని చెప్పింది. వదిన నా ముంజేయి పట్టుకుని ఉంది. ఆ గోళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

నమోదు 10. గురువారం

మా ఏడో వరస మొత్తం ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. మనిషికి ఒక తోపుడు బండి. సాయంత్రానికల్లా మూడో లెవెల్ పెద్ద హాలుకు చేరాలి. తర్వాత ఆ వరసను రెండు వైపులా మూసి, బొగ్గు ఆరిపోవడానికి లోపలికి నైట్రోజన్ ఎక్కిస్తారు. అంటే ఇళ్లు మళ్లీ దొరకవు.

జనం మా గుమ్మం ముందు గుమిగూడారు. కొందరు గోడ ముట్టుకుని చూసి మాట్లాడకుండా సామాన్లు సర్దుకోవడానికి వెళ్లారు. కొందరికి మా మీద కోపం. దాని మానాన ఉన్నదాన్ని కెలికామని ఒకాయన అన్నాడు. కనకవ్వ అయితే తన ఇంట్లో తలుపు గడియ పెట్టుకుని కూర్చుంది.

హిమబిందు వెళ్లి మీటరు చూపించింది. కనకవ్వ చూడలేదు. నేను వెళ్లాను.

"చెట్టు ఆకు రాలిందని ఇల్లు ఇడుస్తరా ఎవరన్న?" అంది తలుపు వెనక నుంచి. "నా గోడ సల్లగనే ఉన్నది. నా మొగడు సచ్చింది ఈడ, నా పిల్లలు పుట్టింది ఈడ. మీరు పోండ్రి."

ఆమె అన్నది నిజమే. పొద్దున హిమబిందు చూసినప్పుడు కూడా ఆమె గోడ చల్లగానే ఉంది. వేడి ఇంకా అటు రాలేదు. ఇంజనీరు చెప్పింది ఆమెకు అర్థం కాక కాదు. పోదలుచుకోలేదు, అంతే. నేను ఆమె గుమ్మం ముందే కూర్చున్నాను. కాసేపటికి వదిన వచ్చింది. తలుపు కొట్టలేదు. తలుపుకు తల ఆనించి మెల్లగా మాట్లాడింది.

"అవ్వా, నన్ను ఆ హాల్ల పండుమంటున్నరు. అందరు మొగోళ్లు, ఆడోళ్లు, పిల్లలు. ఆయన పైన ఉండె. నాకు భయమైతాంది. బిడ్డకు ఏమన్న అయితదేమోనని నిద్ర వస్తలేదు. నువ్వు నా పక్కన పండుతవా?"

గడియ తీసిన శబ్దం వినిపించింది. కనకవ్వ బయటికి వచ్చి, వదినను ఎగాదిగా చూసి, ఎన్నో నెల అని అడిగింది, తెలిసి కూడా. రోలు తేవడానికి వీలవుతుందా అని నన్ను అడిగింది. వీలు కాదన్నాను. అయినా బండి మీద పెట్టించింది.

మా బండ్ల విషయానికి వస్తే, ఒక దాంట్లో వంటసామాను, బట్టలు. రెండో దాంట్లో నా కుట్టుమిషన్ పెట్టాను. ఫైకస్‌కు చోటు మిగల్లేదు. దాని మీద ఇప్పుడు పట్టుమని పది ఆకులు లేవు. వదిలేద్దాం, మీ అమ్మ దగ్గర ఇంకో అంటు కట్టుకోవచ్చని వదినతో అన్నాను. ఆమె సరేనంది. గుమ్మం బయటినుంచే హాలు వైపు కదిలింది. నాలుగడుగులు వేసి ఆగింది, వెనక్కి మాత్రం చూడలేదు. నేను లోపలికి వెళ్లి కుండీని చంకన ఎత్తుకుని వచ్చాను. బరువే. మూడో లెవెల్ దాకా మధ్యలో చాలాసార్లు దించుకోవలసి వచ్చింది.

నమోదు 11. ఆదివారం

మా గది వెనక గోడ నిన్న పగిలిందట. మంట కనిపించలేదు, పొగ మాత్రం ఏడో వరస నిండా కమ్మింది. అప్పటికి రెండు వైపులా గోడలు లేచి ఉన్నాయి కాబట్టి ఇవతలికి రాలేదు. నైట్రోజన్ ఎక్కిస్తున్నారు. కొన్ని నెలలు పడుతుందని హిమబిందు చెప్పింది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి, మూడు రోజులుగా సరిగా పడుకున్నట్టు లేదు. ఇలాంటి గోడలు ఆనుకుని ఇంకా చాలా ఇళ్లు ఉన్నాయట. అన్నిటికీ మీటర్లు పెడుతున్నారు, ఫ్యాన్లు మళ్లీ పూర్తి వేగంతో తిప్పుతున్నారు. బదులుగా హాల్లో దీపాలు సగమే వెలుగుతున్నాయి.

పొగ సంగతి విన్నాక కనకవ్వ బండి మీంచి రోలు దింపించింది. తర్వాత ఆమె రోట్లో కారం నూరి హాల్లో అందరికీ పంచింది. కెలికామని అన్న ఆయన కూడా తీసుకున్నాడు. మా వైపు వచ్చి మీరు తిన్నారా అని అడిగి వెళ్లాడు.

చెట్టుకు ఆకులు ఒక్కటీ లేవు. బషీర్ భాయ్ వచ్చి చూశాడు. సగానికి కత్తిరించమన్నాడు. ఆకులు లేని కొమ్మలన్నిటినీ సాకే బలం వేళ్లకు ఇప్పుడు ఉండదట. కత్తెర ఇచ్చాడు. వదిన నా చేతికిచ్చి, నువ్వే కొయ్యి అంది. తాను తడిగుడ్డ పట్టుకుని కూర్చుంది. కోసిన చోటల్లా తెల్లటి పాలు కారాయి. అవి చర్మానికి తగిలితే దురద, అందుకని కోసినప్పుడల్లా వదిన గుడ్డ అద్దింది. మట్టి వాసన పడటం లేదని లేచి వెళ్లిపోలేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

పని అయ్యేటప్పుడు, తల ఎత్తకుండానే అంది.

"అమ్మతోని ఫోన్ల మాట్లాడింది నువ్వు విన్నవ్ గద."

విన్నానన్నాను.

"చెప్పుల సప్పుడు మరీ గట్టిగ చేసినవ్ ఆనాడు" అంది.



నమోదు 12. శనివారం

అన్న వంతు ముగియకముందే సెలవు పెట్టి దిగి వచ్చాడు. ముందు నేరుగా ఏడో వరసకు వెళ్లాడట, అక్కడ కొత్త గోడ చూసి హాలుకు పరుగెత్తుకొచ్చాడు. హాల్లో వదినను చూశాక కూర్చుండిపోయాడు. ముఖం నిండా పలకల దుమ్ము అలాగే ఉంది.

కొత్త ఇళ్ల కేటాయింపు ఈ రోజే. రెండో లెవెల్లో చిన్న గదులు. మొగుడూ పెళ్లాలకు ఒక గది, ఒంటరి ఆడవాళ్లకు హాస్టల్లో మంచం. నా బట్టలు నేను నిన్ననే విడిగా మూట కట్టుకున్నాను. హాస్టల్ పంపుల గదికి దగ్గరే. నాకు అదేమీ కష్టం కాదు. అన్నకు కూడా ఆ మాటే చెప్పాను. అతను నేల చూస్తూ సరేనన్నట్టు తల ఊపాడు.

కేటాయింపు బల్ల దగ్గర గుమస్తా మా వంతు వచ్చాక ఎందరని అడిగాడు. అన్న నోరు తెరిచేలోగా వదిన చెప్పింది.

"ముగ్గురం. పుట్టినంక నలుగురం."

ముగ్గురెవరని గుమస్తా అడిగాడు. వదిన తన పేరు, అన్న పేరు, నా పేరు వరసగా చెప్పింది. ఆడబిడ్డ వేరే లెక్కలోకి వస్తుంది, ఆ గదిలో రెండు మంచాలకే చోటు అని అతను అన్నాడు.

"మంచాల సంగతి మేం చూసుకుంటం. మీరు ముగ్గురని రాయుండ్రి."

వెనక వరసలో నిలబడ్డ కనకవ్వ, రాయవయ్యా, ఎంతసేపు నిలబెడతావు ఆ పిల్లను అని గట్టిగా అంది. గుమస్తా రాశాడు.

బయటికి వచ్చాక నేను వదినతో, హాస్టల్ అయినా నాకు బాగానే ఉండేదని అన్నాను. ఆమె వినిపించుకున్నట్టు లేదు. "నాకు నెలలు నిండేటప్పటికి నీకు ఏ షిఫ్టు పడతది?" అని అడిగింది. చూసి మార్పించుకుంటానన్నాను.

కొత్త గదిలో దీపం గుమ్మానికి ఎదురుగా ఉంది. కుట్టుమిషన్ ఒక పక్క, కుండీ ఒక పక్క పెడితే రెండింటికీ వెలుగు అందుతుంది. కొలిచి చూశాం, పడుతుంది. వెనక గోడకు ముగ్గురం చేతులు ఆనించి చూశాం. చల్లగా ఉంది.

ఫైకస్‌కు ఆకులు లేవు. మోకాలెత్తు మోడు. వదిన గోటితో బెరడు కొద్దిగా గీకింది. లోపల పచ్చగా ఉంది. నీళ్లు కొంచెమే పోశాం.